ముసురులో రాట్నం



మన వాకాడు వైపు వానంటే ఆశ్వయుజం, కార్తీకం. ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని కురిసేదే. ఎండాకాలమంటే పడమటి గాలి, ఉప్పు చెమట, మధ్యాహ్నం తలుపులు మూసుకుని పడుకోవడం. అలాంటిది మే నెలలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే లెక్కలన్నీ తారుమారు. తూపిలిపాళెంలో పడవలు ఒడ్డెక్కుతాయి. కల్లాల్లో ధాన్యం మీద పట్టలు కప్పుతారు. సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లలు ఉన్న ఒక్క ఫోను కోసం కొట్టుకుంటారు. కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఈ పూట నేను చెప్పబోయే పనికి కరెంటుతో నిమిత్తం లేదు, ఎండతో అసలే లేదు. పైపెచ్చు ఇలాంటి చెమ్మగాలి అంటేనే దానికి ఇష్టం. నూలు వడకడం గురించి చెబుతున్నాను.

ముసురు పడితే నేతగాడి పని ఆగిపోతుంది. వెంకటగిరిలో నేసేవి గుంటమగ్గాలు. నేతగాడి కాళ్ళుండేది గుంటలో. నాలుగు రోజులు గట్టిగా కురిస్తే ఆ గుంటలో నీళ్ళు ఊరతాయి. వీధిలో పడుగు చాచి గంజి పెట్టే పని వాయిదా పడుతుంది, పెట్టినా ఆరదు. అందుకే వానలు వచ్చినప్పుడల్లా చేనేతవాళ్ళకు పనిలేని రోజుల భృతి కావాలన్న మాట పత్రికల్లో చూస్తుంటాం. వడికే మనిషి సంగతి పూర్తిగా వేరు. గడప లోపల, చూరు నీళ్ళు పడని చోట ఒక పీట వేసుకుంటే చాలు.

చెమ్మకూ నూలుకూ ఉన్న చుట్టరికం ఉత్త నమ్మకం కాదు. పత్తి పీచు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, ఎండు పత్తి బరువులో ఇంచుమించు నూటికి ఎనిమిది పాళ్ళ నీరు దూదిలోనే దాగి ఉంటుంది. తడిసిన ఉన్ని బలం తగ్గుతుంది, తడిసిన పత్తి బలం పెరుగుతుంది. పడమటి గాలి వీచే రోజున దూది పెళుసెక్కి, పీచు పీచుగా లేచిపోయి, ముక్కులోకీ కళ్ళలోకీ పోతుంది. లాగిన పోగు లాగినట్టే తెగుతుంది. అందుకే స్పిన్నింగు మిల్లుల్లో గాలికి తేమ పట్టించే యంత్రాలు పెడతారు. ఢాకా మస్లిన్‌కు నూలు తీసిన ఆడవాళ్ళు తెల్లవారి మంచు ఆరకముందు, మళ్ళీ పొద్దు వాలుతున్నప్పుడు వడికేవారు. గాలి పొడిగా ఉంటే పక్కన నీళ్ళగిన్నె పెట్టుకునేవారు. ఆ నీళ్ళగిన్నె మన తీరంలో అక్కర్లేదు. సముద్రమే ఉంది.

అయితే అతి ఎక్కడైనా అతే. వారం రోజులు వదలని ముసురులో దూది మెత్తబడి, ఉండలు కడుతుంది, ఏకడానికి లొంగదు. కాబట్టి దూది ఏకి ఏకులు చుట్టుకోవడం ఎండ ఉన్న రోజున కానిచ్చేసి, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. వడకడం వాన రోజున పెట్టుకోవాలి.

ఇక్కడ మన ఊరి పక్కనే ఉన్న ఒక పాత సంగతి చెప్పాలి. వాకాడు మండలంలోని దుగరాజపట్నం తీరంలో 1626లో ఈస్టిండియా కంపెనీ ఇంగ్లీషువాళ్ళు వర్తకస్థావరం పెట్టారు. వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అన్నారు. తమకు సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరే అలా మారిందంటారు. అప్పటికి మద్రాసు కోట లేదు. వాళ్ళు ఇక్కడికి వచ్చింది గుడ్డల కోసం: తెల్లని నూలు బట్ట, అద్దకపు బట్ట. ఇక్కడి అధికారిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఆయనే దక్షిణానికి వెళ్ళి, 1639లో మద్రాసు దగ్గర చోటు సంపాదించాడు. గుడ్డ ఇక్కడికంటే అక్కడ చవకగా దొరుకుతుందన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదికి ఆర్మగాన్ ఖాళీ. ఆయన పేరు చరిత్రలో ఉంది, మొదలియారు పేరు ఉంది. ఓడలకెక్కిన ఆ గుడ్డలకు నూలు తీసిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ లేదు.

వాళ్ళ కష్టం ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. ఐదున్నర మీటర్ల మామూలు నూలు చీర తీసుకోండి. పన్నా 45 అంగుళాలు. అంగుళానికి 80 పడుగు పోగులు, 70 పేక పోగులు. మొత్తం నూలు కలిపితే 37 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఆ పోగు ఒక కొస వాకాడులో పట్టుకుని బయలుదేరితే గూడూరు చేరొచ్చు. చెయ్యి తిరిగిన మనిషి రాట్నం మీద గంటకు 300 మీటర్లు తీస్తుందనుకుందాం. ఒక్క చీర నూలుకే 120 గంటలకు పైగా పడుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున పదిహేను రోజులు. అదే చీరను నేతగాడు మూడు నాలుగు రోజుల్లో దించుతాడు. అంటే ఒక మగ్గం ఆడాలంటే నలుగురైదుగురు వడుకుతూ ఉండాలి. ఇంగ్లండులోనూ ఇదే ఇబ్బంది. అందుకే 1760ల్లో జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఒక్క చక్రంతో ఎన్నో కదుళ్ళు తిప్పే జెన్నీ యంత్రం కనిపెట్టాడు. ఆ తర్వాత వచ్చిన మిల్లుల నూలు ఓడల్లో మన దగ్గరికి వచ్చి మన ఇళ్ళలో రాట్నాలను అటకెక్కించింది. మగ్గం మాత్రం ఆ మిల్లు నూలే తింటూ బతికింది. చేనేత చచ్చిపోయిందని అందరూ అంటుంటారు గానీ, మనదేశంలో ముందు పోయింది చేనూలు.

అటకెక్కిన రాట్నాన్ని మళ్ళీ కిందికి దింపినవారు గాంధీగారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగింది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఊళ్ళలో 20 లక్షల రాట్నాలు, ఇవన్నీ జూన్ 30 లోగా కావాలన్నారు. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చూపించింది కూడా అక్కడే. దాని మీదికీ రాట్నం ఎక్కింది. ఆ వారంలోనే, ఏప్రిల్ 7న, గాంధీగారు మన నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు దాన్ని నడిపారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మగారు. దక్షిణాఫ్రికాలో గాంధీగారికి తోడు నిలిచిన పారశీ రుస్తుంజీ విరాళంతో లేచిన రుస్తుంజీ భవనం ఇప్పటికీ ఉంది. నెల్లూరు వెళ్ళినప్పుడు ఒక పూట తీరిక చేసుకుని చూసి రండి.

ఆ రోజుల ఉత్సాహాన్ని తక్కువ చేయను. కానీ ఒక మాట చెప్పాలి. 1924లో బెల్గాంలో, కాంగ్రెస్ సభ్యుడు నెలకు 2000 గజాల నూలు ఇవ్వాలని నియమం పెట్టారు. ఏడాది తిరక్కుండానే దాన్ని సడలించి, 1925లో నూలు పనికి వేరే చరఖా సంఘం ఏర్పాటు చేయాల్సి వచ్చింది. మొక్కుబడిగా తీసిన నూలు ఒకచోట తాడులా, ఒకచోట సాలెగూడులా ఉంటుంది. మగ్గం మీద అడుగడుగునా తెగుతుంది. అలాంటి చిలపలు చూసి నేతగాళ్ళు మొహం తిప్పుకున్నారంటే తప్పు వాళ్ళది కాదు. వడకడం వ్రతంగా కంటే పనిగా నేర్చుకున్నవాళ్ళ దగ్గరే బాగుపడింది.

అలా నేర్చినవాళ్ళను చూడాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళాలి. అక్కడ కొండపత్తిని గింజ తీయకముందే వాలుగ చేప దవడతో దువ్వుతారు. మనం పులుసు పెట్టుకుని పారేసే దవడే. దాని సన్నని పళ్ళ వరస మధ్య నుంచి పీచు సాఫీగా జారి, నలుసూ చెత్తా అక్కడే నిలిచిపోతాయి. ఏ ఊరి ఇనప దువ్వెనా అంత మెత్తగా దువ్వలేదని అక్కడివాళ్ళ మాట. తర్వాత గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకు చుట్టి, చేతి చెమటకు నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని వడుకుతారు. ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు. నంబరంటే ఏమిటంటారా? ఒక పౌను, అంటే 454 గ్రాముల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్నో నంబరు. నూరో నంబరంటే ఒక పౌనులో 84,000 గజాలు. మనలాంటి కొత్తవాళ్ళకు పదో నంబరు వచ్చినా పండగే.

సరే, ఇంట్లో ఎలా మొదలెట్టాలి? రాట్నం కొనకండి. ముందు తకిలీ, అంటే చేత్తో తిప్పే చిన్న కదురు. ఖాదీ భాండారంలో దొరికితే సరేసరి, దొరక్కపోతే జానెడు వెదురు పుల్ల, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దగా గుండ్రంగా అరగదీసిన కొబ్బరి చిప్ప ముక్క చాలు. ముక్కకు సరిగ్గా నడిమధ్య బెజ్జం పెట్టి, పుల్ల కింది భాగాన బిగించండి. బెజ్జం ఏమాత్రం పక్కకు జరిగినా తకిలీ తాగినవాడిలా ఊగుతుంది. పైకొసన దారం తగులుకునేలా చిన్న గాటు. మన దూది పీచు పొట్టిది, తకిలీ బరువుకు తెగుతుంది. అందుకని దాన్ని గాలిలో వేలాడదీయకుండా, కింది మొనను ఒక చిన్న గిన్నెలో ఆనించి తిప్పాలి.

దూదికి దుకాణం దాకా పోనక్కర్లేదు. దీపారాధన ఒత్తుల కోసం పెరట్లో పత్తి చెట్టు పెంచే ఇళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. గింజలు వేళ్ళతో తీసి, దూదిని పొరలు పొరలుగా విప్పి, ఒక చీపురు పుల్ల మీద వదులుగా చుట్టి పుల్ల లాగేయండి. అదే ఏకు.

ఇప్పుడు తకిలీకి మూరెడు పాత దారం కట్టి, దాని కొస మీద ఏకు కొస ఆనించి, కుడిచేత్తో తిప్పండి. మెలిక దారం వెంట పైకి పాకి, దూదిని పట్టుకుంటుంది. అప్పుడు ఏకు పట్టుకున్న ఎడమచెయ్యి మెల్లిగా వెనక్కి జరగాలి. అసలు కిటుకు ఇక్కడుంది. మెలిక ఎప్పుడూ ముందు సన్నటి చోటికే పరుగెడుతుంది. సన్నటి చోటు గట్టిపడుతుంది. లావుగా ఉన్న చోట మెలిక తక్కువ కాబట్టి పీచు ఇంకా జారుతూనే ఉంటుంది. అంటే మీరు లాగుతూ ఉంటే లావు తనంతట తానే సన్నబడుతుంది. కంగారుపడి బొటనవేలితో నొక్కేశారా, ఉండ ఉండగానే మిగిలిపోతుంది. ఇరవయ్యో నంబరు నూలుకు అంగుళానికి 18 మెలికలు పడాలి. లెక్కపెట్టే పని లేదు. పోగును వదులు చేసి చూడండి. తనలో తాను పెనవేసుకుని ముడుచుకుపోతే మెలిక ఎక్కువైంది, లాగితే చప్పుడు లేకుండా విడిపోతే తక్కువైంది. తెగిన చోట రెండు కొసలూ రెండు వేళ్ళ వెడల్పున ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పితే అతుక్కుంటాయి. ముడి వేయకండి.

మొదటి రోజు నూలు ఎలా ఉంటుందో నేను చెప్పను, మీకే తెలుస్తుంది. అది ఒత్తులకు పనికొస్తుంది. కాస్త కుదిరాక రెండు పోగులు పక్కపక్కన పట్టుకుని, వడికిన దిక్కుకు ఎదురు దిక్కున తిప్పితే రెండూ పెనవేసుకుని దిట్టమైన దారమవుతుంది. పూలు కట్టుకోవచ్చు. పిల్లలు నీళ్ళసీసాకు సంచి అల్లుకోవచ్చు. క్రోషే సూది పట్టగలిగిన ఆడపిల్లలు గిన్నెల కింద పెట్టే చుట్టకుదుళ్ళు అల్లొచ్చు. వేసవిలో మొదలుపెట్టినవాళ్ళకు శ్రావణమాసం దగ్గరే ఉంది. వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది పోగుల తోరం కావాలి, ఆ వెనకే వచ్చే పున్నమికి జంధ్యాలు కావాలి. ఒకప్పుడు జంధ్యపు నూలు తకిలీ మీద ఇంట్లోనే తీసేవారు.

తీసిన నూలును ముక్కాలిపీట తిరగేసి దాని కాళ్ళ చుట్టూ చుట్టి చిలప చేయండి. నాలుగు చోట్ల వదులుగా కట్టి, కాస్త సబ్బు వేసిన నీళ్ళలో అరగంట ఉడికిస్తే మెలిక నిలబడుతుంది. ఈ ఒక్క పనికీ ముసురు వెలిసేదాకా ఆగండి. తడి చిలప రెండు రోజులు ఆరకపోతే బూజు నల్లటి చుక్కలుగా దిగుతుంది, ఏ సబ్బుకీ పోదు.

దీనివల్ల డబ్బులు వస్తాయా అని అడిగేవారుంటారు. ఇంట్లో తకిలీ తిప్పితే రావు. పొందూరులో అంత సన్నటి నూలు తీసే ఆడవాళ్ళకే కూలి గిట్టడం లేదన్న గోడు ఏళ్ళ తరబడి వింటున్నాం. ఆ నూలు విలువ తెలియాలంటే ఒక్క గజమైనా మన చేత్తో తీసి చూడాలి. అప్పుడు ఖాదీ దుకాణంలో పంచె ధర విని నోరెళ్ళబెట్టం.

చివరగా ఒక విన్నపం. మీ ఇంటి అటక మీద పాత రాట్నం ఉంటే దాన్ని పాతసామాన్లవాడికి వేయకండి. కిందికి దించి, దుమ్ము దులిపి, కదురుకూ చక్రానికీ మధ్య కొత్త తాడు వేసి చూడండి; చాలావాటికి పోయేది ఆ తాడొక్కటే. మీ వీధిలో చిన్నప్పుడు వడికిన అవ్వ ఎవరైనా ఉంటే, పిల్లలను వెంటబెట్టుకుని ఈ వానల్లోనే ఆమె దగ్గరికి వెళ్ళండి. నేను అరగంట చెప్పినది ఆమె చెయ్యి అర నిమిషంలో చూపిస్తుంది.