సువర్ణరేఖ ఒడ్డున జంషెడ్‌పూర్



జంషెడ్‌పూర్ అనగానే మన మనస్సులో మెదిలేది ఉక్కు. ఆ ఊరిని 'టాటా' అనే పిలిచేవారు నేటికీ ఉన్నారు. కర్మాగారం ఉన్న ఊరుగా చూడబోయిన యాత్రికుడు నదిని వంతెన మీదినుంచి ఒక్కసారి చూసి తృప్తిపడతాడు. నా మనవి వేరు. ముందు నది దగ్గరకు వెళ్లండి.

సోనారీ ప్రాంతంలో ఖర్కాయీ నది సువర్ణరేఖలో కలుస్తుంది. ఆ చోటును 'దోముహానీ' అంటారు. హిందీలో 'ముహానా' అంటే నదీముఖం. 'దో' అంటే రెండు. అనువాదకుడినైన నాకు వెంటనే తోచిన మాట 'సంగమం'. కాని ఆ మాట వెంట ప్రయాగ వస్తుంది, పుణ్యస్నానం వస్తుంది. దోముహానీ అంత బరువు మోసే మాట కాదు. అది ఏటి ఒడ్డున పుట్టిన మాట. 'ఏళ్ల కూడలి' అంటే కొంత దగ్గరగా ఉంటుందేమో.

ఈ కూడలి లేకపోతే ఆ నగరమే లేదు. 1904 ఫిబ్రవరి 24న భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలోని ఇనుప ఖనిజాన్ని గురించి జంషెడ్జీ టాటాకు లేఖ వ్రాశారు. ఆ సంవత్సరమే జంషెడ్జీ మరణించారు. ఆయన కుమారుడు దొరాబ్జీ పని కొనసాగించగా, 1907లో కంపెనీ ఏర్పడింది. గోరుమహిసానీ నుండి ఖనిజం, ఝరియా నుండి బొగ్గు, దాపున కాలీమాటీ రైలు స్టేషను, రెండు నదుల నీరు. ఇవన్నీ కలిసివచ్చిన చోటు సాక్చీ అనే పల్లె. 1911లో ఇనుము, 1912లో ఉక్కు తయారైనాయి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టగా, కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది.

నిర్మానుష్యమైన అడవిలో నగరం వెలసిందని చెప్పే వర్ణనలు తరచు కనిపిస్తాయి. అది సరికాదు. అక్కడ సంతాలులు, హో ప్రజలు, భూమిజులు పొలాలు దున్నుకొని బ్రతికే పల్లెలు ఉండేవి. సాక్చీ పేరు నేడు బజారు పేరుగా, కాలీమాటీ పేరు వీధి పేరుగా మిగిలాయి. తర్వాత ఒడియా, బెంగాలీ, భోజ్‌పురి, పంజాబీ, తెలుగు మాట్లాడే కార్మికులు అక్కడికి చేరారు. వారిలో అనేకుల మనవలు నేడు ఇంట ఒక భాష, వీధిలో హిందీ మాట్లాడుతున్నారు.

ఇన్ని భాషల వారినీ ఒకచోట చూడాలంటే సభలకు పోనక్కరలేదు, ఏటి రేవుకు పోతే చాలు. కార్తీక శుద్ధ షష్ఠినాడు ఛఠ్ పూజ చేసే స్త్రీలు నీటిలో నిలిచి అస్తమించే సూర్యునికి అర్ఘ్యమిస్తారు. మరునాటి ఉదయం ఉదయించే సూర్యునికి ఇస్తారు. ఆ మాసంలోనే మన ఆడపడుచులు నీటిలో దీపాలు వదలుతారు కదా! ఇక సంక్రాంతికి అక్కడ 'టుసు' పండుగ. మన ధనుర్మాసమే వారి పౌషమాసం. నెల పొడుగునా కన్నెపిల్లలు టుసు పాటలు పాడి, మకర సంక్రాంతినాడు రంగు కాగితాలతో అలంకరించిన 'చౌడల్'ను ఏటికి సాగనంపుతారు. గొబ్బిపాటలు విని పెరిగిన వారికి ఆ రాగాలు పరాయివిగా తోచవు.

సువర్ణరేఖ రాంచీ సమీపాన నగడీ దగ్గర పుట్టి, హుండ్రూ వద్ద జలపాతమై దూకి, ఇక్కడికి వచ్చి, బెంగాల్ అంచు తాకి, ఒడిశాలో సముద్రాన్ని చేరుతుంది. పేరు కవికల్పన కాదు. తీరవాసులు ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుకొనే వృత్తి నిజంగానే ఉంది. రోజంతా వంగి కడిగితే దొరికేది మాత్రం అత్యల్పం.

నగరానికి ఉత్తరాన దల్మా కొండలు. శిఖరం ఎత్తు సుమారు మూడు వేల అడుగులు. పాదంలో డిమ్నా సరస్సు. అది సహజమైనది కాదు, నగరానికి నీటికోసం కట్టిన జలాశయం. దల్మా అభయారణ్యం ఏనుగులకు నెలవు. వరి పంటకాలంలో ఆ మందలు బెంగాల్ జిల్లాల వైపు సాగిపోతాయి. వాటికి రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. పొలం పోగొట్టుకొనే రైతుకు మాత్రం ఆ దారులన్నీ బాగా తెలుసు.

చాండిల్ జలాశయంలో పడవ షికారు మనోహరంగా ఉంటుంది. కొండల నీడలు నీటిలో కదలుతాయి. అయితే ఆ నీటి అడుగున పల్లెలున్నాయి. ఆనకట్టవల్ల నిర్వాసితులైనవారు పరిహారం కోసం, పునరావాసం కోసం ఏళ్ల తరబడి పోరాడవలసివచ్చింది. పడవ ఎక్కవద్దని నేననను. మీతో వచ్చిన విద్యార్థులకు ఆ సంగతి కూడా చెప్పండి. పడవ నడిపేవారిని వారి ఊరు ఎక్కడని అడగనివ్వండి.

ఒక పూట మిగిలితే హౌరా మార్గంలో రైలెక్కి ఘాట్‌శిలకు వెళ్లండి. అక్కడ సువర్ణరేఖ నల్లని బండల మధ్య పారుతుంది. 'పథేర్ పాంచాలి' రచయిత బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950 నవంబరు 1న కన్నుమూసినది ఆ ఊరిలోనే. ఆయన ఇల్లు గౌరీకుంజ్ చూడవచ్చు. అడవిని ఇంత ప్రేమగా ఎవరు వ్రాశారని మా లైబ్రరీకి వచ్చే విద్యార్థులు అడిగినప్పుడు, ఆయన 'ఆరణ్యక్'కు తెలుగు రూపమైన 'వనవాసి'ని నేను వారి చేతిలో పెడుతుంటాను. ఘాట్‌శిలకు బయలుదేరేముందు అది చదివి వెళ్లండి. వానలు వెనుకబట్టిన తర్వాత, శీతకాలంలో వెళితే ఏటిలో నీరూ ఉంటుంది, బండలూ కనిపిస్తాయి.