చర్మపు తేమకు అతిధ్వని పరీక్ష



చలికాలంలో బడిపిల్లల కాళ్లు చేతులు తెల్లగా పొడిబారతాయి. తల్లులు లేపనాలు పూస్తారు. వాటిలోని గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది; పెట్రోలియం జెల్లీ నీరు ఆవిరి కాకుండా అడ్డుకుంటుంది. ఫలితాన్ని కంటితో నిర్ణయించడం కష్టం. అక్కడ అతిధ్వని, అనగా అల్ట్రాసౌండ్, కొంత తోడ్పడుతుంది.

సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని మానవుల చెవికి వినబడదు. చర్మపరీక్షలో తరచుగా 2 కోట్ల కంపనాల ధ్వనిని వాడతారు. పొరల నుండి మరలివచ్చే ప్రతిధ్వనులే తెరపై చిత్రమవుతాయి. 1979లోనే ఈ పద్ధతిలో చర్మం మందాన్ని కొలిచారు. లోపలి చర్మంలో నీరు పెరిగితే ప్రతిధ్వని తగ్గి, ఆ భాగం చీకటిగా కనిపిస్తుంది.

అయితే లేపనం ముఖ్యంగా పనిచేసే పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో వందోవంతు, రెండు వందోవంతులు మాత్రమే. అరచేయి, అరికాలు తప్ప ఇతర చోట్ల ఈ ధ్వని దానిని విడదీసి చూపలేదు. పైగా పరీక్షకు పూసే జెల్ కూడా చర్మాన్ని తడుపుతుంది. కనుక ఒక చేతికి లేపనం పూసి, రెండవదానిని పూయక ఉంచి, పూతకు ముందూ తరువాతా అదే చోట చిత్రాలు తీసి పోల్చాలి. విద్యుత్ పద్ధతిలో తేమను అంచనా వేసే పరికరంతోనూ సరిచూడాలి.

ప్రకటనలోని చిత్రాన్ని చూడగానే నమ్మక, "దీనిని దేనితో పోల్చారు?" అని అడగగల విద్యార్థియే ఈ పాఠశాల 75 సంవత్సరాల కృషికి నిజమైన ఫలం.