గులాబికి మంచి పొరుగు
(ప్రసంగ పాఠము)



పంటకు ఎరువు, నీరు ఎంత అవసరమో మంచి పొరుగు కూడ అంత అవసరము. నేడు మేము గులాబి తోటను గూర్చి ఈ మాట చెప్పుచున్నాము.

కడియము నర్సరీలనుండియు ఇతర స్థలములనుండియు తెచ్చిన గులాబిని మన గ్రామములలో పెరటియందును పొలమునందును పెంచుచున్నాము. లేత చిగురునకు పేనుబంక, మొగ్గకు తామరపురుగు, వేసవిలో ఆకునకు ఎర్రనల్లి పట్టును. వేళ్ళకు నులిపురుగు సోకి బుడిపెలు కట్టును. వెంటనే పురుగుమందు చల్లుట పరిపాటియైనది. ఖర్చు అటుండనిండు. ఆ పూలనే మన ఆడపడుచులు జడలో తురుముకొందురు. ఆ రేకులతోనే గుల్కందు చేసి పిల్లలకు పెట్టుదురు. ఈ సంగతి మరువరాదు.

మేలైన పొరుగులలో మొదటిది బంతి. దాని వేళ్ళలో నులిపురుగును అణచు పదార్థము గలదు. గులాబి నాటుటకు 2, 3 నెలల ముందే ఆ నేలలో బంతిని ఒత్తుగా పెంచి, పిమ్మట కలియదున్నవలెను. గట్టున నాలుగు మొక్కలు వేసినంత మాత్రమున ఈ ఫలము దక్కదు. బంతికి సైతము ఎర్రనల్లి పట్టును గనుక, పట్టిన మొక్కలను పెరికివేయవలెను.

రెండవ పొరుగు కొత్తిమీర, సోపు. వరుసల నడుమ వీనిని చల్లి, కొంత భాగమును కోయక పూతకు విడువుడు. ఆ చిన్న పూల మకరందమునకు అక్షింతల పురుగులును సిర్ఫిడ్ ఈగలును చేరును. వాని పిల్లపురుగులు పేనుబంకను తిని బ్రతుకును. అక్షింతల పురుగు పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలివలె నుండును. శత్రువని భ్రమించి దానిని నలిపివేయువారు పెక్కుమంది. అది మన తోటకు జీతము లేని కావలి!

వెల్లుల్లి వాసనకే పురుగులన్నియు పారిపోవునని కొందరందురు. నడుమ నాటిన నష్టము లేదు. కాని దానినే నమ్మి ఊరకుండరాదు.

కావలివానిని పిలిచి వానిపై విషము చల్లుట తగునా? పేనుబంక కనిపించిన తోడనే నీటిధారతో కడుగుడు. అది చాలనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొలదిగా సబ్బునీరు కలిపి, పురుగు పట్టిన కొమ్మలపై మాత్రమే సాయంవేళ చల్లుడు. ఇంకను తగ్గనిచో ఉద్యానాధికారి సలహా పొందుడు.

వారమునకు రెండుమారులు ఆకుల అడుగుభాగము పరిశీలింపుడు. ఈ పంటకాలమున తోటలో ఒక ప్రక్క ఇట్లు చేసి, మిగిలిన తోటతో పోల్చి చూడుడు. ఫలితమును మీ కన్నులే చెప్పగలవు.