జ్వరము వీడినను దగ్గు వీడదేల?



జ్వరము మూడు నాళ్లుండి పోవును. దాని వెంట వచ్చిన దగ్గు మాత్రము పిలువని చుట్టమువలె తిష్ఠ వేయును. నేను వైద్యుడను గాను. బడిలో వ్యాకరణము చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అయినను దగ్గు విషయమున మా యింట జరిగినదానిని మీకు విన్నవింపదలచితిని.

ఒక సంక్రాంతికి విశాఖపట్టణమున, ఉక్కునగరమందున్న మా కుమారుని యింటికి పోయితిని. పల్లె నుండి మా బావగారును వచ్చిరి. ఇంటిల్లిపాదికిని జలుబు, జ్వరము సోకెను. పిల్లలు వారములో లేచి యాటలాడిరి. మా యిరువురకును దగ్గు నిలిచిపోయెను. బావగారు పల్లె చేరిరి. శొంఠి, పిప్పళ్లు, మిరియముల కషాయము వారక్కడను నేనిక్కడను త్రాగుచు నెల గడపితిమి.

తుదకు మా కోడలు నన్ను వైద్యుని కడకు గొనిపోయెను. ఆయన చెప్పిన దిది: రోగక్రిములు నశించినను శ్వాసనాళముల లోపలి పొర కొన్నాళ్లు పచ్చిపుండువలె నుండును. చల్లగాలి, పొగ, ధూళి, గట్టిగా మాటాడుట, వీనిలో ఏది తగిలినను దగ్గు పొంగును. ఆ పొర కుదుటబడుటకు మూడు మొదలు ఎనిమిది వారములు పట్టవచ్చును. బొగ్గును ఇనుపరాయియు దిగుచు నెక్కుచునుండు రేవుపట్టణమున ధూళికి కొదవ లేదు. పల్లెలయందు పొయ్యిపొగ కలదు, చుట్ట కలదు. మా ప్రాంతపు స్త్రీలు కొందరు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ సంగతి వేఱుగా చెప్పవలసినంతటిది.

ఇంతియ గాదు. ముక్కునుండి గొంతులోనికి జారు చీమిడి, ఉబ్బసము, కడుపులోని పులుసు పైకెక్కుట, పెద్దలకును వచ్చు కోరింత దగ్గు, ఇవియు కారణములే. పిమ్మట ఆయన, "మీరే మాత్రలు వాడుచున్నారు?" అని యడిగెను. రక్తపు పోటునకు ఎనలాప్రిల్ అను మాత్రను రెండు నెలలుగా మ్రింగుచుంటిని. ఆ జాతి మాత్రలు కొందరికి పొడిదగ్గు పుట్టించునట! ఆయన మాత్ర మార్చెను. మూడు వారములలో దగ్గు మాయమయ్యెను. (మీరు మాత్రము మీయంతట మీరే మాత్ర మానరాదు, వైద్యుడే మార్చవలెను.)

చరకుడు కాసము లైదని చెప్పెను: వాత, పిత్త, కఫ, క్షతజములు, తుదకు క్షయజము. ఆ యైదవదానిని మేము మఱచితిమి.

బావగారికి సాయంకాలపు జ్వరము, ఒడలు చిక్కుట మొదలయ్యెను. మనుమరాలి పెండ్లిమాటలు జరుగుచుండుటచే ఆసుపత్రికి పోయిన క్షయ యని ఊరు చెప్పుకొనునని దాచిరి. ఉగాది దాటిన పిదప తెమడ పరీక్షింపగా క్షయయే యని తేలెను. అప్పటికే వారి ప్రక్కలో పరుండు చిన్న మనుమరాలికిని సోకియుండెను.

రెండు వారములు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయింపవలెనని మన దేశపు క్షయ నివారణ కార్యక్రమపు నియమము. ఎనిమిది వారముల వఱకు మామూలు దగ్గే కావచ్చునన్నప్పుడు రెండు వారములకే పరీక్ష యేల యని నేనును వాదించితిని. దగ్గు తగ్గుటకు ఓర్పుతో వేచియుండవచ్చును, క్షయ గాదని తెలిసికొనుటకు మాత్రము వేచియుండరాదు అని వైద్యుడు బదులు చెప్పెను. రక్తము పడినను, ఆయాసము వచ్చినను ఆ రెండు వారములును ఆగరాదు.

పూర్వము క్షయ యనిన మదనపల్లె చెంత 1915లో వెలసిన ఆరోగ్యవరమువంటి చోట్లకు ఇల్లు విడిచి పోవలసివచ్చెడిది. ఇంట నుండి మందు మ్రింగినను అంతటి గుణమే కలుగునని చెన్నపట్టణమున జరిగిన పరిశోధన 1959లో చాటెను. నేడు సామాన్యముగా ఆఱు మాసముల మందు. సర్కారు ఉచితముగా నిచ్చును. తెమడ యనగా ఉమ్మి గాదు. ఉదయమున నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసినది కావలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అడిగిన త్రోవ చూపుదురు. విశాఖలో పెదవాల్తేరున ఛాతి ఆసుపత్రి కలదు.

బావగారు కోలుకొనిరి. పెద్ద మనుమరాలి పెండ్లి నిలువలేదు, జరిగెను. చిన్నపిల్ల దీపావళినాటికి తన చివరి మాత్ర మ్రింగెను.