లేరనుకున్న కవులు
(సిద్దిపేటలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఏటి ఉపన్యాసానికి విషయాన్ని నన్నే ఎంచుకోమన్నారు. ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ సారు బతుకంతా బడిపిల్లల మధ్యనే గడిచింది. "నాకు రాదు సార్" అనే మాట ఆయన విన్నన్నిసార్లు మనలో ఎవరూ విని ఉండరు. పలక పట్టిన పిల్లవాడికి ఆ మాట ఎవరు నేర్పారు? ఒకసారి మనసులో నాటుకున్నాక అది ఎందుకు అంత గట్టిగా నిలబడుతుంది? మన గురించి మనం వేసుకున్న అంచనాలే మన కాళ్లకు అడ్డం ఎట్లా పడతాయి? వీటి గురించి మాట్లాడదామనుకుంటున్నాను. మనస్తత్వ శాస్త్రం నుంచి మొదలుపెట్టవచ్చు. కానీ మన నేల మీదనే ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉన్నది.

1921లో హైదరాబాదులోని వివేకవర్ధని ఆవరణలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహారాష్ట్ర సంఘ సంస్కర్త కర్వే పండితులు. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేశారు. నిజాం రాష్ట్రంలో ఎక్కువమంది జనం మాట్లాడే భాష సభకు పనికిరాదన్న భావన ఆ గోల వెనక ఉన్నది. ఆ అవమానంలోంచే తెలుగువారి సంస్థగా ఆంధ్ర జనసంఘం పుట్టింది. అప్పటిదాకా ఎంతమంది తెలుగువాళ్లు ఆ భావనను తామూ నమ్మి, సభల్లో నోరు విప్పకుండా ఇంటికి పోయి ఉంటారో లెక్క లేదు. నన్ను బాధపెట్టేది ఆ గోల కంటే ఈ మౌనమే.

తర్వాత కొన్నేళ్లకు ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరనే అర్థం వచ్చేటట్టు రాశారు. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి దానికి ఆవేశంగా ఒక సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు. నాలుగు రోజులు చర్చ జరిగేది, ఆపైన అందరూ మరిచిపోయేవారు. ఆయన అంతటితో ఆగలేదు. కవులారా, మీ వివరాలూ మీ పద్యాలూ పంపండని కోరారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు.

ఆ సంఖ్యను తలచుకున్నప్పుడల్లా నాకు రోమాంచమవుతుంది. ఆ కవులను ప్రతాపరెడ్డి పుట్టించలేదు. వాళ్లు అంతకుముందూ ఉన్నారు, తమ తమ ఊళ్లలో రాసుకుంటూనే ఉన్నారు. అచ్చుకూటాలు తక్కువ, తెలుగు బడులు తక్కువ, సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. పక్క తాలూకాలో ఎవరు రాస్తున్నారో తెలిసే దారి లేదు. అచ్చయిన పుస్తకాలను మాత్రమే చూసినవారికి ఇక్కడ కవులు కనబడలేదు. కనబడలేదు కాబట్టి లేరన్నారు. లేరని అనుకున్నారు కాబట్టి వెతకలేదు. వెతకలేదు కాబట్టి మళ్లీ కనబడలేదు. ఈ చక్రం ఎంతకాలమైనా తిరుగుతుంది, దాన్ని నడపడానికి ఎవరి కుట్రా అవసరం లేదు.

1960లో లండనులో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ చక్రాన్నే ఒక చిన్న ప్రయోగంలో పట్టి చూపించాడు. 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనక నా మనసులో ఒక నియమం ఉన్నది, కనుక్కోండి అన్నాడు. మీరు వేరే మూడు అంకెలు చెబితే అవి నియమానికి సరిపోతాయో లేదో చెబుతానన్నాడు. చాలామంది 8, 10, 12 అన్నారు. సరిపోయాయన్నాడు. 20, 22, 24 అన్నారు. సరిపోయాయన్నాడు. ఇంకేం, రెండేసి పెరగడమే నియమమని ధీమాగా ప్రకటించారు. అది తప్పు. అంకెలు ఒకదానికంటే ఒకటి పెద్దవైతే చాలు, అంతే నియమం. 1, 2, 9 అన్నా సరిపోయేది. తమ ఊహ తప్పయితే ఏ అంకెలు దాన్ని బయటపెడతాయో, వాటిని అడిగి చూసినవారు తక్కువ. చదువుకున్నవారే, తెలివైనవారే. వాళ్లకు ప్రతిసారీ "అవును" అనే జవాబు వచ్చింది, ఆ అవునులే వాళ్ల కళ్లు కప్పాయి.

"నాకు లెక్కలు రావు" అనుకున్న పిల్ల లెక్కల పుస్తకం తెరవదు. పరీక్షలో తక్కువ మార్కులు వస్తాయి. చూశావా, రావని ముందే చెప్పాను కదా అంటుంది. తండ్రీ అదే అంటాడు. బడిలోనూ అదే మాట. అందరూ 8, 10, 12 చెబుతున్నారు.

అంచనాలే వద్దని నేను అనడం లేదు. మృగశిర కార్తె వచ్చిందని దుక్కి సిద్ధం చేసుకునే రైతుదీ అంచనానే. అయితే రైతు అంచనాను వాన ఏటేటా పరీక్షిస్తుంది, తప్పయితే ఆ ఏడే తెలుస్తుంది. మనుషుల గురించి, కులాల గురించి, ఆడపిల్లల గురించి, మన ఊరి గురించి మనం పెట్టుకున్న అంచనాలను పరీక్షించే వాన ఏదీ దానంతట అది రాదు. ఎవరో ఒకరు పనిగట్టుకొని పరీక్షించాలి.

గోలకొండ కవుల సంచిక గురించి ఇంకొక మాట చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. అందులో ఉన్నవి చాలావరకు ఛందోబద్ధమైన పద్యాలు. కవి అంటే పద్యం రాసేవాడన్నది ఆనాటి పండితులందరి అంచనా. కొమురవెల్లి మల్లన్న పట్నం ముగ్గు ముందు రాత్రంతా కథ నడిపే ఒగ్గు పూజారి, బతుకమ్మ చుట్టూ అప్పటికప్పుడు పాట అల్లే ఆడమనిషి, ఊరూరా పటం విప్పి కుల పురాణం చెప్పే కథకుడు అట్లాంటి లెక్కలోకి రారు. పెద్ద అంచనాను బద్దలుకొట్టిన పుస్తకం కూడా ఇంకొక అంచనా లోపలే నిలబడింది. ప్రతాపరెడ్డి మీద నా గౌరవం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. ఒకరు వెతికిన చోటు నుంచి తర్వాతివారు ముందుకు పోవాలి.

సిద్దిపేటకు ఆ పని చేసినవారిలో కాపు రాజయ్య గారు ఒకరు. 1925లో ఇక్కడే పుట్టారు, 2012లో కన్నుమూశారు. డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. చిత్రకారుడంటే బొంబాయికో మద్రాసుకో పోవాలని, దేవతలనో జమీందార్లనో గీయాలని అనుకునే కాలంలో ఆయన ఈ ఊళ్లోనే ఉండి వడ్డెర స్త్రీని గీశారు. బోనమెత్తిన ఆడవాళ్లను, బతుకమ్మను గీశారు. మన పక్కనే ఉన్న నకాషీ పటచిత్రాల పనితనాన్ని తన కుంచెలోకి తెచ్చుకున్నారు. రోజూ మన వాకిలి ముందు నుంచి నడిచిపోయే మనిషి చిత్రానికి తగిన మనిషేనని మనకు చూపించారు. ఆయన గీయకముందు ఆ వడ్డెర స్త్రీని మనం చూడలేదా? చూశాం. బొమ్మకు తగదనుకున్నాం.

2016లో మన జిల్లాలోకి వచ్చిన చేర్యాల సంగతీ అంతే. అక్కడి నకాషీలు బట్టకు చింతగింజల జిగురు, సుద్ద పూసి, ఎర్రని నేపథ్యం మీద తరతరాలుగా పటాలు రాశారు. ఆ పటాలు కథకుల కోసం. సినిమా, టీవీ వచ్చి కథ చెప్పేవారు తగ్గిపోయాక ఇక ఈ విద్య పోయినట్టేనని చాలామంది అనుకున్నారు. పటం అంటే కథకుడి చేతిలోదే అన్న ఊహ అది. అదే చేతులు చిన్న చిత్రాలు వేశాయి, మాస్కులు చేశాయి. విద్య నిలిచింది.

ఇట్లాంటి అంచనా నీళ్ల విషయంలోనూ ఉండేది. తాగునీటి ముచ్చట మీ అందరికీ నాకంటే బాగా తెలుసు. సిద్దిపేట మెట్ట మీది ఊరు, పక్కన పారే పెద్ద నది లేదు. బిందెల వరుస మన నుదుటి రాత అనుకున్నాం. కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు జలాశయం నుంచి ఇక్కడి పల్లెలకు పైపుల్లో నీళ్లు వచ్చాక అది రాత కాదని తెలిసింది. ఆ అనుభవమే మిషన్ భగీరథకు నమూనా అయింది. 2016 ఆగస్టు 7న ఆ పథకం ఇప్పటి మన జిల్లాలోనే, గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కాదనుకున్నది అయిందన్న ఉత్సాహం కూడా కళ్లు కప్పగలదు. 2023 అక్టోబరులో కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. అదే ప్రాజెక్టు కింద రంగనాయక సాగర్ నిండితే సంతోషించినవాళ్లూ, మల్లన్నసాగర్ కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఈ జిల్లావాళ్లే. అయినా ఆ ప్రాజెక్టు మీద మన వాదనలు వినండి. ఒకరు లాభాలే ఏరుకుంటారు, ఇంకొకరు నష్టాలే ఏరుకుంటారు. తన మాట తప్పని తేల్చగల లెక్కను ఎవరూ అడగరు. వేల కోట్ల ప్రజాధనం, వేల కుటుంబాల ఊళ్లు ముడిపడిన విషయంలో ఈ పద్ధతి నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక బడి దగ్గరకు వస్తాను. ఈ జిల్లా పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడే మాటలు బడిలో అనడానికి జంకుతారు. సినిమాల్లో ఏళ్ల తరబడి ఈ యాసను దుర్మార్గుడికీ నవ్వులాటకూ వాడారు. 1986లో ఇక్కడ మొదలైన మంజీరా రచయితల సంఘం, దాన్ని నడిపిన నందిని సిధారెడ్డి గారి వంటి కవులు మన పలుకుబడికి పుస్తకంలో చోటు సంపాదించారు. 2014 నుంచి ప్రజాకవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వేదిక మీద మెచ్చుకున్న మాటనే మర్నాడు పిల్లవాడి నోట్సులో ఎర్ర సిరాతో కొట్టేస్తే ఆ ఉత్సవానికి అర్థం లేదు. ప్రామాణిక భాష నేర్పాలి, తప్పకుండా నేర్పాలి. ఇంటి భాషను తప్పని చెప్పకుండానే నేర్పవచ్చు. సారు అట్లానే నేర్పేవారు. ముందు పిల్లలను తమ మాటల్లో చెప్పనిచ్చేవారు, పుస్తక భాష తర్వాత వచ్చేది.

ఈ సభలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులకు నాది ఒక్క విన్నపం. మీ బడి ఉన్న ఊళ్లో ఒగ్గు కథ చెప్పేవారు, పాట కట్టే ఆడవాళ్లు, పటం కథ ఎరిగిన పెద్దలు, గొల్లభామ చీర నేసినవారు, నేసేవారు ఎవరెవరో పిల్లల చేతనే అడిగించి రాయించండి. ఎవరూ లేరని మీకు గట్టిగా అనిపించిన ఊళ్లోనే ముందు మొదలుపెట్టండి. వచ్చే ఏటి సభకు ఆ నోట్సులు తీసుకురండి. వాటిని అచ్చు వేయించే బాధ్యత ఈ స్మారక సమితి తీసుకోవాలని నిర్వాహకులను మీ అందరి ముందు కోరుతున్నాను.