నోరు పిడచకట్టుకుపోతే నీళ్ళొక్కటే చాలవు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. లేబరేటరీలో రక్తమూ మూత్రమూ పరీక్షిస్తూ రిటైరైనవాణ్ణి. మనలో చాలామందికి ఉండి, పైకి చెప్పుకోని ఒక బాధ గురించే చెబుతాను. అది నోరెండిపోవడం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలి కుటుంబం మేడమీద చిక్కుకుపోయింది. "చుట్టూ నీళ్ళే అన్నయ్యా, నా నోట్లో మాత్రం చుక్క తడి లేదు" అన్నది తర్వాత. మంచినీళ్ళ సీసాలు అందాక కూడా మెతుకు మింగుడుపడలేదట.

రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం మన నోట్లో ఊరుతుంది. చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద ఉన్న మూడు జతల పెద్ద గ్రంథులే ఇందులో చాలా భాగం ఇస్తాయి. భయమేస్తే ఎడ్రినలిన్ ఈ గ్రంథులను ఎండగడుతుందని అనుకుంటాం. అసలు సంగతి వేరు. గ్రంథులకు "ఊరించు" అని మెదడు నరాల ద్వారా పంపే ఆజ్ఞే తగ్గిపోతుంది. బ్యారేజీ దగ్గర కాలువ తలుపులు దించితే శివారు పొలం ఎండినట్టన్నమాట. పొలం తప్పేమీ లేదు. వచ్చే కాస్త ఉమ్మి కూడా జిగటగా వస్తుంది. పూర్వం దొంగతనం అనుమానితుల చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. స్మృతుల్లో దీన్ని తండుల దివ్యమన్నారు. అమాయకుడు భయపడితే వాడి గతేమిటో!

ఎడ్రినలిన్ నిమిషాల్లో వచ్చిపోయేది. దీర్ఘకాలపు దిగులుతో ముడిపడింది కార్టిసాల్. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథుల నుంచే ఇదీ వస్తుంది. నిద్రలేచిన అరగంటకు హెచ్చుగా, అర్ధరాత్రి వేళకు తక్కువగా ఉంటుంది. సూది అక్కరలేదు, ఉమ్మిలోనే కొలవవచ్చు. లాలాజలం తక్కువ ఊరేవారిలోనూ ఆ లెక్క చెడదు. నమూనా పట్టడానికే ఆలస్యం. నోరెండే బాధ ఉన్నవారిలో ఇది ఎక్కువగా ఉన్నట్టు కొన్ని పరీక్షల్లో కనిపించింది. అయితే దిగులు వల్ల నోరెండిందా, నోరెండి తిండి, నిద్ర చెడి దిగులు పెరిగిందా అన్నది అంత తేలిగ్గా తేలేది కాదు. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా పరీక్షించి 2000లో ప్రకటించిన ఫలితాల్లో నోరెండిన భావనకు ఆందోళన, కుంగుబాటు, మందులు మూడింటితోనూ సంబంధం కనిపించింది.

ఆ మూడో మాట గట్టిగా పట్టుకోండి. వరద తీసిన నెలలకు కూడా మా చెల్లెలికి నోరు తడవలేదు. కట్టుడుపళ్ళు నిలిచేది లాలాజలం పొరతోనే కదా, అవి జారిపోయి చిగుళ్ళు ఒరుసుకుపోయాయి. ఇంట్లో వాళ్ళంతా "వరద భయం ఇంకా వదల్లేదు" అన్నారు. నేనూ అదే అన్నాను. మందుల చీటీ తెప్పించి చూస్తే, దిగులుకూ నిద్రకూ ఇచ్చిన ఎమిట్రిప్టిలిన్ కనిపించింది. నోరెండించడంలో పేరుపడ్డ మాత్ర అది! దిగులు మందే దిగులు లక్షణాన్ని పెంచుతోందన్నమాట. జలుబు, దురద మాత్రల్లో కొన్ని, మూత్రం ఆపుకోలేనివారికిచ్చే మాత్రలు, నీరు తీసే మాత్రలు కూడా ఇంతే. వయసు మీద నెట్టేస్తాం గాని, మన వయసులో వాడే మందుల లెక్కే ఎక్కువ.

అలాగని ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి. బి.పి. మాత్ర మానేసి ఆస్పత్రి పాలైన మిత్రుడొకరు మనలోనే ఉన్నారు. చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరుకు చూపించండి. షుగరు పరీక్ష చేయించండి. కళ్ళు కూడా పొడిబారి మండుతుంటే ఆ సంగతీ చెప్పండి, అది వేరే జబ్బు కావచ్చు. పిప్పరమెంట్లు, పటికబెల్లం అదేపనిగా చప్పరిస్తే మిగిలిన నాలుగు పళ్ళూ చిగురు దగ్గర పుచ్చిపోతాయి. వక్క, పొగాకు ముట్టవద్దు. నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగుతూ, అన్నం నిదానంగా నమిలి తినండి. నమలడమే గ్రంథులకు పిలుపు.

డాక్టరుగారు మా చెల్లెలికి మాత్ర మార్చారు. మూడు వారాల్లో సగం తడి తిరిగొచ్చింది. మిగతా సగం ఇంకా రాలేదు. ఇప్పటికీ రాత్రి వానపడితే లేచి కూర్చుని, పక్కన పెట్టుకున్న మరచెంబు తడుముకుంటుంది.