మన కంచంలో ఏముంది? మన ఒంట్లో రక్తమెంత?

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని అన్నీ చదివారు. మేము చెప్పబోయేది కూడా ఒక లెక్కే. కానీ అది మన పుస్తకాల్లో ఎక్కడా రాసి లేదు. అది మన ఒంట్లో రక్తం లెక్క.

పోయిన ఏడాది ఒక గ్రామ సంఘం మీటింగులో మన సభ్యురాలు ఒకామె వాయిదా డబ్బు లీడరు చేతికిచ్చి, సంతకం పెట్టడానికి లేచి, కళ్ళు తిరిగి అక్కడే కూలబడింది. నీళ్ళు చల్లి కూర్చోబెట్టాం. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అంటే "టీ తాగినా" అంది. రాత్రి ఏం తిన్నావంటే, "అందరూ తిన్నాక మిగిలిన అన్నంలో చారు పోసుకున్నా" అంది. ఆమె ఇంట్లో గేదె ఉంది, కోళ్ళు ఉన్నాయి. పాలు కేంద్రానికి పోతాయి, గుడ్లు అంగడికి పోతాయి. ఆ డబ్బే వాయిదా. ఒక్క నెల కూడా తప్పని మనిషి. ఆ రోజు రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 అని వచ్చింది. గర్భిణి కాని ఆడమనిషికి కనీసం 12 ఉండాలి. గర్భిణికి 11 ఉండాలి.

ఆమెను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. మనలో చాలామందిమి ఇట్లే ఉన్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. దేశం మొత్తం మీద చూస్తే ఆడవాళ్ళు నూటికి 57 మంది, మగవాళ్ళు 25 మంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే కుండ. మరి ఇంత తేడా ఎందుకు?

ఒక కారణం మన ఒంటిది. నెలనెలా రక్తం పోతుంది, కాన్పుల్లో పోతుంది. అందుకే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవాళ్ళకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము అవసరమైతే మనకు 29 కావాలి. అంటే మన కంచంలో ఎక్కువ బలమైన తిండి పడాలి. పడేది మాత్రం కుండ అడుగున మిగిలింది. ఇది రెండో కారణం. దీన్ని మనం మార్చుకోవచ్చు.

ఇక తిండిలో ఏముంటుందో చూద్దాం. పెద్ద చదువు అక్కర్లేదు, మన వంటిల్లు చాలు.

అన్నం, రొట్టె, సంగటిలో ఉండేవి పిండి పదార్థాలు. పనిచేసే శక్తి వీటినుంచి వస్తుంది. వీటికి మనకు పెద్దగా లోటు లేదు, కంచం నిండా ఇవే. పప్పు, శెనగలు, శెనక్కాయలు, గుడ్డు, పాలు, చేప, మాంసంలో మాంసకృత్తులుంటాయి. కండ పెరగడానికి, గాయం మానడానికి ఇవి కావాలి. 55 కిలోల ఆడమనిషికి రోజుకు సుమారు 46 గ్రాములు అవసరం. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. గుప్పెడు కందిపప్పులో కూడా దాదాపు అంతే. పలుచటి చారులో ఎంతుంటుందో మీరే ఆలోచించండి. నూనె, నెయ్యి కొవ్వు పదార్థాలు. మితంగా ఉంటే మంచివే. ఆకుకూరల్లోని విటమిన్ ఎ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి.

కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు, చిరుధాన్యాల నుంచి విటమిన్లు, ఖనిజ లవణాలు వస్తాయి. ఇవి కొంచెమే కావాలి, కానీ ఆ కొంచెం లేకపోతే పని నడవదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పదికి అటూ ఇటూ. మన అవ్వలు సంగటి తిని గట్టిగా ఉన్నారంటే ఊరికే కాదు. సజ్జల్లో ఇనుము బియ్యం కంటే చాలా ఎక్కువ.

రక్తం తయారవడానికి ఇవన్నీ కలవాలి. ఇనుము, మాంసకృత్తులు కలిస్తేనే హిమోగ్లోబిన్. దానికి తోడు ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కావాలి. ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల్లో, పప్పుల్లో ఉంటుంది. బి12 పాలు, గుడ్లు, చేప, మాంసంలోనే దొరుకుతుంది. 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడే, భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆశా కార్యకర్త మన చేతిలో పెట్టే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. ఆ మాత్రను మనం గూట్లో పడేస్తున్నాం.

ఎందుకు పడేస్తున్నామో కూడా మాకు తెలుసు. వికారం వస్తుంది, విరేచనం నల్లగా పోతుంది. నల్లగా పోవడం జబ్బు కాదు, భయపడొద్దు. వికారం ఉంటే అన్నం తిన్నాక రాత్రి పడుకునే ముందు వేసుకోండి. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, టీతో అసలే వద్దు. గర్భిణులు రోజూ ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి.

టీ సంగతి గట్టిగా చెప్పాలి. తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. తిండికి, టీకి నడుమ గంట ఎడం ఉండాలి. అదే పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. ఉసిరికాయ, జామకాయ కూడా అంతే. ఆకుకూర కడిగాక తరగండి, తరిగాక కడిగితే సారం నీళ్ళలో పోతుంది. గంజి వంచి పారబోయకండి. పొలానికి చెప్పులు లేకుండా పోతే కొంకి పురుగులు కాళ్ళగుండా ఎక్కి పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. చెప్పులు వేసుకోండి, నులిపురుగుల మాత్ర గురించి ఏఎన్‌ఎంను అడగండి.

ఒక్కమాట. హిమోగ్లోబిన్ 8 కంటే తగ్గితే వంటింటి వైద్యంతో కూర్చోవద్దు. డాక్టరు దగ్గరికే పోవాలి. మన సభ్యురాలు అట్లే పోయింది, మందులు వాడింది, ఇప్పుడు తేరుకుంది. ఈ సభలోనే కూర్చుని ఉంది.

ఇక అసలు కష్టమైన మాట. కోడలు అందరితో కలిసి తింటే ఏమనుకుంటారో అని భయం. అనుకునేది ఎవరు? చాలా ఇళ్ళలో మనమే. మనలో సగం మందిమి అత్తలం. మనల్ని మన అత్తలు కూర్చోబెట్టలేదని మన కోడళ్ళను నిలబెట్టడం న్యాయం కాదు. ఆ అలవాటు మన ఇంట్లో మనమే ఆపాలి.

అందుకే సభ ముందు ఈ తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, రోజుకు ఒక పూటైనా ఇంటి ఆడవాళ్ళు అందరితో కలిసి కూర్చుని తినాలి. రెండు, పాలు, గుడ్లు అమ్మేవాళ్ళు ముందు ఇంటికి, అందులో మనకూ ఒక గ్లాసు, ఒక గుడ్డు తీసిపెట్టి మిగిలింది అమ్మాలి. గుడ్డు తిననివాళ్ళు పప్పు, పాలు ఎక్కువ తీసుకోవాలి. మూడు, పెరట్లో ఒక మునగ చెట్టు, ఒక మడి ఆకుకూర వేయాలి. నాలుగు, ఏడాదికి రెండుసార్లు ప్రతి సభ్యురాలూ రక్త పరీక్ష చేయించుకోవాలి. ఎవరి అంకె వాళ్ళ దగ్గరే ఉంటుంది. చేయించుకున్నారా లేదా అన్నది మాత్రమే సంఘం పుస్తకంలో రాస్తాం.

ఒక గుడ్డు తింటే వాయిదాకు తక్కువ పడుతుందని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ మాట సంఘంలో చెప్పండి, కలిసి సర్దుకుందాం. సర్దుకోవడానికే సంఘం పెట్టుకున్నాం. మనిషి పడిపోయాక ఆస్పత్రికి పెట్టే ఖర్చు ముందు గుడ్డు ఖర్చు ఎంత?

వచ్చే మహాసభలో పొదుపు లెక్కతో పాటు ఈ లెక్క కూడా చదవాలని మా కోరిక. ఈ తీర్మానాలకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. మధ్యాహ్నం భోజనాల్లో పప్పు గట్టిగా చేయించాం, నిమ్మకాయలు కూడా పెట్టించాం. అందరం కలిసి కూర్చుని తిందాం. టీ మాత్రం గంట తరువాతే.